గవరమ్మ బండెక్కి బారసాలకి వెళ్ళడం

నేను ఇంతవరకు ఏదీ రాసి ఎరగను. అయిదో తరగతి దాకా చదివిన చదువు కవరు మీద అడ్రసు రాయడానికే సరిపోయింది. అక్షరం తప్పుంటే మీరే దిద్దుకుని చదువుకోండి.

జొన్నపాలెంలో సింహాద్రి ఇల్లంటే తెలివైనవాళ్ళ ఇల్లు. ఊరు అలా అనలేదు, వాళ్ళే అనుకున్నారు. ఇంట్లో ఉండేది ముగ్గురు: సింహాద్రి, అతని పెళ్ళాం గవరమ్మ, తల్లి పైడమ్మ. ఊళ్ళోవాళ్ళు చెప్పినదాంట్లో సగమే వింటారని, మిగతా సగం సొంతంగా కల్పించుకుంటారని, తాము మాత్రం చెప్పింది చెప్పినట్టు చేస్తామని పైడమ్మ రోజూ అన్నాల దగ్గర అంటూ ఉండేది. అదీ నిజమే. ఒకసారి పక్కింటావిడ ఊరెళ్తూ, కాస్త ఇంటి మీద కన్నేసి ఉంచమంది. అంతే, పైడమ్మ నిచ్చెన వేయించుకుని ఆ ఇంటి పెంకుల మీదకెక్కి రెండు రోజులు దిగలేదు. కన్ను ఇంటి మీద ఉండాలంటే మనిషి కింద కూర్చుంటే ఎలా అని ఆవిడ వాదన. అన్నం కూడా గవరమ్మ పైకే అందించింది.

గవరమ్మకి ఒకటే దిగులు. రెల్లివలసలో ఆమె తమ్ముడు అప్పలస్వామి ఉన్నాడు. అతనికి మొదటి బిడ్డ పుట్టినప్పుడు బారసాలకి బయల్దేరితే బస్సు తప్పిపోయింది. ఈమె చేరేసరికి మేనత్త చెప్పాల్సిన పేరు మరదలి అక్కే బిడ్డ చెవిలో చెప్పేసి, పాయసం కూడా తినేసింది. గవరమ్మ తన వంతు పాయసం ముట్టకుండానే లేచొచ్చేసింది. తనకా పిల్లల్లేరు. తను నోరారా పేరు పెట్టి పిలిచే బిడ్డ ఆ ఇంట్లో పుట్టాలి తప్ప వేరే దారి లేదు.

ఇన్నాళ్ళకి తమ్ముడికి రెండో బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. ఇరవయ్యొకటో రోజున పొద్దున్న పదిన్నరకి బారసాల అని కబురొచ్చింది. ఈసారి బస్సుని నమ్మేది లేదని సింహాద్రి, బిడ్డ పుట్టిన మర్నాడే ఎవరో వాడిన మోటారు సైకిలు ఒకటి కొనుక్కొచ్చాడు. పన్నెండు కిలోమీటర్ల దూరం, ఎంతలో వెళ్ళిపోతాం అన్నాడు. గవరమ్మ ఆ రోజు నుంచీ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉంది.

బారసాల రేపనగా మొగుడూ పెళ్ళాలు బండిని నడిపించుకుంటూ జిలానీ మేస్త్రి షెడ్డుకి వెళ్ళారు. జిలానీ మేస్త్రి ఒక ఆటో కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. అక్కణ్ణించే ఒక్క చూపు చూసి చెప్పాడు.

"బండిని పసిబిడ్డలా చూసుకోవాలయ్యా. గాలి బొత్తిగా లేదు, వెళ్ళగానే గాలి పట్టించండి. చైను వదులుగా ఉంది, బిగించుకోండి. పొద్దున్న ప్రయాణానికి ముందు ఒకసారి తెచ్చి నాకు చూపించండి."

దారంతా గవరమ్మ, బిడ్డ, గాలి, చైను, బిడ్డ, గాలి, చైను అనుకుంటూ వచ్చింది. గుమ్మంలోకి రాగానే అత్తకి అప్పజెప్పింది.

ఇంకేముంది, పైడమ్మ నీళ్ళు కాచమంది. పెరట్లో పీట వేసుకుని, రెండు కాళ్ళూ చాపుకుని కూర్చుని, బిడ్డని తన కాళ్ళ మీద పడుకోబెట్టమంది. ముందు చక్రం ఒక్కటే పెట్టారు. పైడమ్మ కళ్ళు తేలేసి, బిడ్డ మంచి బొద్దుగా ఉంది, కింద పెట్టేయండి అంది. సరే అని కిందే నిలబెట్టి హెడ్‌లైటు నుంచి వెనక చక్రం దాకా నువ్వుల నూనె పట్టించారు. సీటుకి పట్టించారు, టైర్లకి పట్టించారు, బ్రేకుల్లోకి వేలుపెట్టి మరీ పట్టించారు. సున్నిపిండి పెట్టి నలిచారు. లాల పోశాక గవరమ్మ కాటుక భరిణె తెచ్చి హెడ్‌లైటు మీద అరచేయంత దిష్టిచుక్క పెట్టింది. ఆ చుక్కతో లైటులో సగం మూసుకుపోయింది. అయినా బిడ్డ ముద్దుగానే ఉంది.

తరవాత గాలి. జొన్నపాలెంలో గాలి తగిలే చోటంటే వాళ్ళ డాబా మీదే. జీడితోట నుంచి వస్తున్న నలుగురు కూలీలని బతిమాలి బండిని మెట్ల మీదుగా డాబా ఎక్కించారు. ఎందుకు ఎక్కిస్తున్నారో వాళ్ళు అడగలేదు. ఆ ఇంటివాళ్ళని ఏదీ అడగకూడదని ఊరందరికీ తెలుసు. గాలి వంటికి సరిగ్గా పట్టాలని సింహాద్రి సీటు కవరు ఊడదీశాడు. పైడమ్మ పక్కన చాప వేసుకుని కూర్చుని, చీకటి పడేదాకా విసనకర్రతో విసురుతూనే ఉంది.

ఇక మిగిలింది చైను. ఇంట్లో చైను ఉన్నది గవరమ్మ మెడలోనే. వదులుగా ఉందని మేస్త్రి ఆటో కింద నుంచి కూడా ఎలా కనిపెట్టాడా అని ఆమె ఆశ్చర్యపోయింది. అంతే, దాన్ని మెడచుట్టూ రెండు మడతలు తిప్పి, వెనకాల మొగుడి చేత దారంతో ముడి వేయించింది. ముడి పడ్డాక మెడ అటూ ఇటూ తిరగలేదు. గొంతు కోడిపిల్ల గొంతయింది. బిగువు సరిపోయిందా అని సింహాద్రి అడిగితే సరిపోయిందని కీచుమంది.

తెల్లారింది. టైర్లు ముందురోజు కన్నా మెత్తగా ఉన్నాయి. అంత గాలిలో ఉంచినా పట్టలేదంటే బిడ్డ ఒంటితత్వం అది అని పైడమ్మ తేల్చేసింది. ఎక్కించిన కూలీలు పొద్దున్నే జీడితోటకి వెళ్ళిపోయారు. బండిని నులక మంచానికి కట్టి, తాళ్ళేసి, మెట్టు మెట్టుకీ ఆగుతూ దించేసరికి ఏడు దాటింది. అప్పుడు దాన్ని తోసుకుంటూ జిలానీ మేస్త్రి దగ్గరికి పరిగెత్తారు. గవరమ్మ చంకలో బారసాల బుట్ట ఉంది. అందులో గౌను, గజ్జెలు, తాంబూలం, డజను నిమ్మకాయలు.

జిలానీ మేస్త్రి బండిని చూశాడు. వేలితో టైరు ముట్టుకున్నాడు. వేలు వాసన చూసుకున్నాడు. తరవాత సబ్బునీళ్ళు పెట్టి టైర్లూ బ్రేకులూ కడిగి తుడిచాడు, పంపుతో గాలి కొట్టాడు, బండి చైను తనే బిగించాడు. గవరమ్మ చైను వదులు చెయ్యమని మాత్రం అనలేదు కాబట్టి ఆమె చెయ్యలేదు. బ్రేకు మీద నూనె ఉంటే ఇద్దరూ రెల్లివలస కాదు, ఇంకెక్కడికో వెళ్ళేవాళ్ళని చెప్పి, ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టుకున్నాడు. మంచి మనిషి. వీళ్ళని రోడ్డు మీదకి వదలాలంటే అతనికి భయం వేసింది.

"బండి సంగతి అయిపోయింది, ఇక మీ సంగతి. ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకోండి. సింహాద్రీ, కళ్ళు రోడ్డు మీద పెట్టు. వెనకాల ఏం వస్తోందో కూడా చూసుకోవాలి. ఎదురొచ్చే ప్రతివాడూ తాగి ఉన్నాడనుకో. అలా అనుకుని నడిపినవాడే క్షేమంగా ఇల్లు చేరతాడు."

మేస్త్రే షెడ్డులోంచి తెచ్చిచ్చిన హెల్మెట్లు పెట్టుకున్నారు. వెనకాల చూసే పని గవరమ్మది. మెడ తిరగదు కదా, అందుకని వెనక్కి తిరిగి, మొగుడి వీపుకి వీపు ఆనించి, బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇక కళ్ళు. సింహాద్రికి ఆ మధ్య కంటి డాక్టరు కళ్ళజోడు రాసిస్తూ, ఇకమీదట ఇవే నీ కళ్ళనుకో అని చెప్పాడు. చెప్పిన మాట సింహాద్రి మర్చిపోయే మనిషి కాదు. కళ్ళజోడు తీసి జాగ్రత్తగా రోడ్డు మీద పెట్టాడు. బండి స్టార్టు చేశాడు. ముందుకి పోనిచ్చాడు. టపుక్కుమంది.

జోడు పోయింది. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి కదా, మేస్త్రి చెప్పింది అదే కదా అని గవరమ్మ కీచుగొంతుతో ధైర్యం చెప్పింది. అక్కణ్ణించి బండి నెమ్మదిగా, ఆవు నడిచినట్టు వెళ్ళింది. అయితే జోడు లేని సింహాద్రికి ఎదురొచ్చే మనుషులు అలుక్కుపోయినట్టు, ఊగుతూ కనిపించారు. మేస్త్రి మాట అక్షరాలా నిజమైంది. దారిలో అందరూ తాగే ఉన్నారు. పాల క్యాన్ల వాడు తాగి ఉన్నాడు. బడి పంతులమ్మ తాగి ఉంది. కరెంటు స్తంభం కూడా తాగే ఉంది. ప్రతి ఒక్కరి దగ్గరా బండి ఆపి, ఇలా తాగి రోడ్డెక్కితే పెళ్ళాం బిడ్డలు ఏమైపోతారు అని సింహాద్రి మంచి మాటలు చెప్పాడు. పంతులమ్మ చేసంచి ఎత్తింది గాని, వెనకాల గవరమ్మ హెల్మెట్‌లోంచి దండం పెట్టేసరికి వదిలేసింది.

అలా వెళ్ళి వెళ్ళి రెల్లివలస మలుపు చేరేసరికి అవతలి రోడ్డు నుంచి చిన్న మోపెడ్డు మీద ఒక పెద్దమనిషి వస్తున్నాడు. హ్యాండిలుకి రెండు అరటి గెలలు, దర్భల కట్ట, కలశం చెంబు. బరువుకి బండి నిజంగానే అటూ ఇటూ ఊగుతోంది. ఆయన పెదవులు ఏదో గొణుగుతున్నాయి. పొద్దున్నే ఎక్కడో హోమం చేయించి వచ్చాడేమో, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. సింహాద్రి బండి అడ్డం పెట్టేశాడు.

"మావా, ఎంతుందో చూడు టైము," అంది గవరమ్మ. ఆమెకి వచ్చిన రోడ్డే కనిపిస్తోంది గాని ఆ మనిషి కనిపించడం లేదు.

"పదిన్నర కావస్తోంది. కానీ ఈయన్ని ఇలా వదిలేస్తే పాపం గవరా. బాగా పుచ్చుకున్నాడు."

ఇక్కణ్ణించి చూస్తే రెల్లివలస పెంకుటిళ్ళు కనిపిస్తాయి, అదీ మామూలుగా కూర్చున్నవాళ్ళకి. అవతల మరదలి అక్క మొన్న సాయంత్రమే వచ్చి కూర్చుని ఉంటుంది. అయినా చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి కదా. గవరమ్మ కళ్ళు తుడుచుకుంటూ దిగి, మత్తు దిగడానికి బుట్టలో నిమ్మకాయలు తీసి ఇచ్చింది.

ఆ పెద్దమనిషి, తను తాగలేదని, జన్మలో ముట్టలేదని మొత్తుకున్నాడు. తాగినవాడు తాగానని ఎప్పుడైనా చెప్పాడా అన్నాడు సింహాద్రి. అసలు మీరెవరు అని ఆయన అడిగాడు. మనుషుల్ని కూడా పోల్చుకోలేకపోతున్నాడు పాపం అన్నాడు సింహాద్రి. అంతే, మోపెడ్డు తాళం లాక్కుని, ఆయన్ని కల్వర్టు మీద కూర్చోబెట్టి, నెత్తిన నిమ్మకాయలు ఒక్కొక్కటే పిండాడు. ఆయన చెంబుతోనే కాలవ నీళ్ళు తెచ్చి గుమ్మరించాడు. నాలుగో చెంబుకి ఆయన ఏడుపు గొంతుతో, నన్ను వదలండి నాయనా, రెల్లివలసలో అప్పలస్వామి ఇంట్లో నేను బారసాల చేయించాలి అన్నాడు.

గవరమ్మ మెడతో సహా మొత్తం మనిషి ఆయన వైపు తిరిగింది.

"మా తమ్ముడింటికి వెళ్తూ తాగారా పంతులుగారూ?" అంది.

ఇంకేముంది, చుట్టం ఇంటికే కాబట్టి ఆయన్ని అప్పగించే బాధ్యత కూడా తమదే అనుకున్నారు. ఆయన్ని బండెక్కనివ్వలేదు. సింహాద్రి మోటారు సైకిలు నడిపించుకుంటూ ముందు, పంతులుగారు మోపెడ్డు తోసుకుంటూ మధ్యలో, గవరమ్మ వెనకవైపు చూస్తూ వెనక్కి నడుస్తూ ఆఖర్న, ముగ్గురూ ఊళ్ళోకి వచ్చేసరికి పదకొండున్నర.

తమ్ముడి ఇంటి ముందు జనం మూగి ఉన్నారు. గవరమ్మ గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఉయ్యాల కట్టి ఉంది. పాయసం వాసన వస్తోంది. అయిపోయిందనే అనుకుంది. అప్పలస్వామి పరిగెత్తుకొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పంతులుగారు రాక, గంట నుంచి అందరం రోడ్డుకేసి చూస్తున్నాం అక్కా. నువ్వు తీసుకొచ్చావా?"

పంతులుగారు నోరు తెరిచారు. గవరమ్మ మొహం చూశారు. ఆ మొహంలో ఏముందో గాని, జుట్టులోంచి నిమ్మగింజ ఒకటి తీసి పారేసి, నోరు మూసుకున్నారు. మొదటి ముహూర్తం పెట్టింది ఆయనే కాబట్టి పన్నెండు లోపు ఇంకోటి కూడా ఆయనే పెట్టారు.

బిడ్డని ఉయ్యాల్లో వేశారు. మేనత్తని పిలిచారు. గవరమ్మ హెల్మెట్ తోటే వంగింది. తియ్యమని మేస్త్రి చెప్పలేదు. అందరూ దగ్గరికి జరిగారు. మరదలి అక్క కూడా మెడ సాచి చూస్తోంది. పంతులుగారు నెమ్మదిగా, పేరు మూడుసార్లు చెవిలో చెప్పమ్మా అన్నారు.

గవరమ్మ ఇన్నేళ్ళుగా దాచుకున్న ప్రేమంతా కోడిపిల్ల గొంతులోకి తెచ్చుకుని చెప్పింది.

"పేరు. పేరు. పేరు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తరవాత వాకిట్లో పందిరి గుంజలు కూడా నవ్వాయి. మరదలు నవ్వుతూనే వచ్చి హెల్మెట్ తీసి, మెడ వెనక ముడి విప్పింది. గవరమ్మకి గొంతు వచ్చింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది. అప్పలస్వామి ఆమె భుజం పట్టుకుని, చెవిలో పేరు అని కాదక్కా, దమయంతి అని చెప్పాలి అన్నాడు. చెప్పింది. బిడ్డ ఈమె వేలు పట్టుకుని వదల్లేదు. పుస్తకాల్లో ఆ పిల్ల దమయంతే గాని, మేనత్త ఇంట్లో ఇప్పటికీ దాన్ని పేరూ అనే పిలుస్తారు. పలుకుతుంది కూడా.

మర్నాడు పొద్దున్న గవరమ్మ ఇంటి దగ్గర లేచి, అలవాటుగా వేళ్ళ మీద లెక్కపెట్టింది. బండి బిడ్డకన్నా ఒక్కరోజే చిన్నది. అంటే ఇవాళ దానికి ఇరవయ్యొకటో రోజు. వాకిలి కడిగి, ముగ్గేసి, బండికి లాల పోసి, ఈసారి నూనె మాత్రం రాయకుండా, బొట్టు పెట్టింది. చెవి ఎక్కడుందా అని చుట్టూ వెతికింది. బండికి చిల్లు ఉన్నది ఒక్కచోటే. మోకాళ్ళ మీద కూర్చుని సైలెన్సర్‌కి నోరు ఆనించి, తమ్ముడు నేర్పింది ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

"దమయంతి. దమయంతి. దమయంతి."

మూడోసారికి సరిగ్గా సింహాద్రి కిక్కు కొట్టాడు. బండి ఊఁ అంది. గవరమ్మ మొహం పెనం అడుగులా అయింది.

పైడమ్మ బయటికి వచ్చి కోడల్ని ఎగాదిగా చూసి, దిష్టిచుక్క బిడ్డకి పెట్టమంటే నీ మొహమంతా పెట్టుకున్నావేంటే అంది.

"బిడ్డ పలికింది అత్తా," అంది గవరమ్మ, పళ్ళు మాత్రం తెల్లగా మెరుస్తుండగా.

పలికిన బిడ్డకి ఆకలెయ్యదా మరి. అంతే, లోపలికి వెళ్ళి మెత్తగా ఉగ్గు కలిపి, చల్లార్చి, ఉగ్గుగిన్నె పట్టుకొచ్చి, ఓ చేత్తో బండి వీపు నిమురుతూ రెండో చేత్తో పెట్రోలు మూత తీసింది.