ఈస్ట్ చేసుకునే తలుపులు

దేవసహాయం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా వెంటనే నోటితో బదులు చెప్పరు, చేతికేదో పని పెడతారు. సైన్సు పాఠాలు మానేసి రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు.

ఒక ఆదివారం పొద్దున ఆయన పాత శిష్యురాలు నాగరత్నం వచ్చింది. రొయ్యలు వొలిచే షెడ్డులో ఆడవాళ్ళకు అన్నాల వేళ అక్షరాలు నేర్పేది ఆ పిల్ల. నేర్చుకునేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆ ఆదివారం జరిగిందంతా తర్వాత తనే నాకు చెప్పింది.

"అక్షరాలన్నీ, గుణింతాలతో సహా, వారంలో చెప్పేశాను మాస్టారూ. ఇప్పుడెవరూ పలక ముట్టడం లేదు. 'గంపంతా బోర్లించావు కదే పిల్లా, ఏది ఏరుకోమంటావు?' అని నా దగ్గర నేర్చుకునే ఆదెమ్మ ఎకసెక్కాలాడింది. వీళ్ళకు చదువు మీద ఆకలే లేదేమో. రేపటితో బడి మూసెయ్యనా?"

మాస్టారు బన్నుల పిండికని తెచ్చుకున్న ఈస్ట్‌ను రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళలో చల్లారు. ఒకదాంట్లో అర చెంచా చక్కెర వేశారు. "రెండోది నీ ఇష్టమమ్మా," అన్నారు. తొందరగా పొంగాలని నాగరత్నం గుప్పిళ్ళతో చక్కెర పోసి, నీళ్ళు పాకమయ్యేదాకా కలిపింది.

కాసేపటికి మొదటి గ్లాసు నురగకట్టి అంచుదాకా లేచింది. రెండోదాంట్లో ఈస్ట్ తడిసిన మట్టిలా అడుగున పడి ఉంది.

"చచ్చిపోయిందా మాస్టారూ?"

"లేదు. దాని ఒంట్లో నీళ్ళు పాకం లాగేసుకుంది, అది ముడుచుకుంది." ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "కంటికి ఆనని ఆ ఒక్కో కణం ఒంటిమీదా కాపలావాళ్ళుంటారమ్మా. వాళ్ళు చక్కెరను లోపలికి మొయ్యరు. బయట ఎంత ఉందో తడిమి చూసి కబురు పంపుతారంతే. కబురు అందాక, ఉన్నదానికి తగ్గ తలుపులు అది తనే చేసుకుంటుంది. తక్కువుంటే ఒక రకం, ఎక్కువుంటే ఇంకో రకం."

నోరూ కళ్ళూ లేని ప్రాణికి అంత ఎరుకా! ఈ మాట నాగరత్నం చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

నాగరత్నం సిగ్గుపడి రెండో గ్లాసు పారబోయబోయింది. మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. పెద్ద గిన్నెలోకి వంచి, గోరువెచ్చని నీళ్ళు పోస్తూ పోస్తూ పాకం పలచన చేశారు. చాలాసేపటికి ఒక చిన్న బుడగ పైకి వచ్చింది. దాని పక్కన ఇంకొకటి.

"మరి రేపు బడికి వెళ్ళి ఏం చెప్పను మాస్టారూ?"

"ఏమీ చెప్పకమ్మా. ముందు ఏ అక్షరం కావాలో ఆదెమ్మనడుగు."