సింగరాజు కాపలా కాసిన పెరుగు

ఒక రాజుగారి వంటశాలకు సింగరాజు పెత్తందారు. పైవాడి కన్ను పడకపోతే కిందివాళ్ల పని పాడవుతుందని ఆయన గట్టి నమ్మకం. అందుకే ప్రతి మూతా ఎత్తి చూసేవాడు, ప్రతి గరిటెనూ లాక్కుని తిప్పేవాడు. వంటవాళ్లకు ఊపిరాడేది కాదు.

ఆ రోజుల్లోనే చుట్టపుచూపుగా వచ్చిన రాజుగారి మామగారు నెలలు గడిచినా కదల్లేదు. పొమ్మనలేక రాజుగారు సతమతమయ్యేవారు. పైగా మామగారికి గడ్డపెరుగు లేనిదే ముద్ద దిగదు.

ఒకనాడు ఉదయం వంటమనిషి పోలమ్మ పాలకు తోడు వేసి, "అయ్యా, సాయంత్రం విందుకు పెరుగే ముఖ్యం. తమరే దగ్గరుండి చూసుకోవాలి" అంది.

సింగరాజు పొంగిపోయాడు. కుండ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని మాటిమాటికీ మూత తీశాడు, కుండ వంచి చూశాడు, వేలు పెట్టి కెలికాడు. "ఊఁ, త్వరగా! గట్టిగా!" అని పాలను అదిలించాడు కూడా.

సాయంత్రం మామగారి విస్తట్లో తెల్లటి నీళ్లు పారాయి. రాజుగారు మండిపడ్డారు.

"తప్పు పోలమ్మదే ప్రభూ! పాడు తోడు వేసింది. కొలువులోంచి తీసేయండి!" అన్నాడు సింగరాజు.

పోలమ్మ కట్టెల చాటు నుంచి ఇంకో కుండ తెచ్చి బోర్లించింది. చుక్క కారలేదు.

"అవే పాలు, అదే తోడు ప్రభూ. దీన్ని అయ్యగారు చూడలేదు, అంతే తేడా."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "మరి ఈయన్నేం చేయమంటావు?"

"ఇంతగా కనిపెట్టుకుని ఉండే మనిషి మళ్లీ దొరుకుతారా ప్రభూ? మామగారి సేవకు పెట్టండి."

మర్నాడు మధ్యాహ్నం భోజనం కాకముందే, బండి కట్టించమని మామగారు కబురు పెట్టారు.