బొట్టు పెట్టుకున్న బ్యాటరీ

అనగనగా సముద్రం హోరు వినబడేంత దగ్గర్లో ఒక ఊరు. ఆ ఊళ్ళో వరహాలమ్మ అని ఒక ముసలావిడ. ఆవిడ మొగుడు సన్యాసయ్యకి ఉబ్బసం. మందుని పొగలా చేసి ఇచ్చే చిన్న మెషీను ఒకటుంది. రోజుకి మూడుసార్లు అది పీలిస్తేనే ఆయనకి ఊపిరాడేది. మెషీనుకేమో కరెంటు కావాలి. తుఫానొస్తే అన్నిటికన్నా ముందు పోయేది కరెంటే కదా బంగారూ.

కిందటేడు తుఫానుకి నాలుగు రోజులు కరెంటు లేదు. వరహాలమ్మ మొగుడి వీపు నిమురుతూ, ఆయన గుండెలోంచి వచ్చే పిల్లికూతలు వింటూ, కన్ను మూయకుండా కూర్చుంది. ఆ భయం ఆవిడని వదల్లేదు.

అప్పుడు కొడుకు సింహాద్రి ఇన్వర్టరూ, పెద్ద బ్యాటరీ కొనుక్కొచ్చి వసారాలో పెట్టించాడు. ఇంక బెంగ లేదన్నాడు. అందరూ దాని సంగతే మర్చిపోయారు.

ఆ తర్వాత దసరా వచ్చింది. తుఫానులొచ్చే రోజులూ అవే. ఆయుధపూజ నాడు కోడలు బ్యాటరీకి పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసింది. పూజ చేసిన వస్తువుని ఆ రోజు పనిలో పెట్టకూడదని వాళ్ళింట్లో ఆనవాయితీ. వరహాలమ్మ కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, వెళ్ళి కరెంటు మెయిను స్విచ్చి కట్టేసింది.

సింహాద్రి అపచారం అన్నాడు.

"దండ వేయించుకున్నవాళ్ళందరూ పనిచేస్తారా నాయనా? చూద్దాం," అందావిడ.

అరగంటకి ఫ్యాన్లు ఆగిపోయాయి. సన్యాసయ్య మూతి దగ్గర మెషీను కూడా ఆగిపోయింది. వరహాలమ్మే పరుగున వెళ్ళి మెయిను వేసింది.

మెకానిక్ వచ్చి బ్యాటరీ మూతలు తీశాడు. లోపల నీళ్ళు అడుగంటిపోయి ఉన్నాయి. కొన్నప్పటినుంచి ఎవరూ చుక్క పోయలేదు మరి! కోడలు గబగబా బిందెడు నీళ్ళు తెచ్చింది. ఆ నీళ్ళు పోస్తే ఉన్నదీ పాడవుతుందని, మెకానిక్ కొట్లోంచి బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటరు తెప్పించి పోశాడు.

నాలుగు రోజులాగి ఆవిడ పొద్దున్నే మళ్ళీ మెయిను కట్టింది. ఈసారి బ్యాటరీ మధ్యాహ్నం దాకా వచ్చింది. ఫ్యాన్లు, టీవీ, మిక్సీ కలిసి ఛార్జంతా తాగేశాయి. అప్పుడు ఆవిడ మెషీనుకీ ఒక్క బల్బుకీ తప్ప అన్నిటికీ బ్యాటరీ లైను తీయించేసింది. ఉక్కలో ఎలా ఉంటామని కోడలు గొణిగింది.

"మనకి చెమటే పడుతుందమ్మా. మీ మావకి ఊపిరాడదు," అంది వరహాలమ్మ.

ఆ తర్వాత మూడోసారి కట్టి చూసింది. మర్నాటికి కూడా మెషీను ఆగలేదు. ఆవిడ మొహం అప్పుడు తేటపడింది.

పది రోజులకి తుఫాను రానే వచ్చింది. స్తంభాలు పడిపోయాయి, ఊరంతా కరెంటు పోయింది. వాళ్ళింట్లో మాత్రం వేళకి మెషీను బుర్రుమంటూనే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం, మందు పీల్చుకున్నాక సన్యాసయ్య పెళ్ళాం వైపు తిరిగాడు.

"ఊపిరి బాగానే ఆడుతోందే. కాసేపు పడుకో," అన్నాడు.

వరహాలమ్మ ఆయన గుండెకి చెవి ఆనించి వింది. పిల్లికూతలు లేవు. అప్పుడు ఆయన మంచం పక్కనే చాప పరుచుకుంది. బయట వాన దంచుతూనే ఉంది, ఆవిడకి మాత్రం నిద్ర పట్టేసింది. తలుపులన్నీ బిగించిన ఇల్లు, ఒకటే ఉక్క. సన్యాసయ్య విసనకర్ర తీసుకుని, తాపీగా ఊపిరి పీలుస్తూ, ఆవిడ లేచేదాకా విసురుతూనే ఉన్నాడు.

కథేమో కంచికి, కునుకేమో కంటికి.