వెనక చక్రం మీది తుప్పు

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా పని చెప్పడం సన్యాసయ్య గారి అలవాటు. ఓర్పు అంటే ఏమిటని అడిగిన బట్టల వ్యాపారిని ఆయన చినిగిన వలలు బాగుచేసుకునే జాలరుల దగ్గరికి పంపారు. కోపం పోయే దారి చెప్పమన్న ప్లీడరు గారిని నెల్లాళ్ళు చంటిపిల్లల బడిలో కూర్చోమన్నారు. భీమిలి ఒడ్డున, సముద్రపు హోరు వినబడే ఒక పెంకుటింటి అరుగు మీద గురువారం సాయంత్రాలు ఆయన చుట్టూ పదిమంది చేరేవారు. ఆయన చదివిన గ్రంథాలు తక్కువేమీ కావు. అయినా వాటిలోంచి ఒక్క ముక్క ఎత్తి చెప్పగా విన్నవాళ్ళు అరుదు.

ముప్ఫై ఏళ్ళ కిందట ఒక వేసవిలో హైస్కూలు హెడ్మాస్టరు వైకుంఠరావు ఆ అరుగు మీద ఇలా అడిగాడు: "ఒకరి పట్ల తప్పు చేశాను గురువుగారూ. వాళ్ళింటికి వెళ్ళి క్షమించమన్నాను. అతను క్షమించాడు కూడా. అయినా మనసు కుదుటపడలేదు. పశ్చాత్తాపం తర్వాత మనిషి చెయ్యవలసింది ఇంకా ఏమైనా ఉందా?"

తప్పేమిటో ఆయన అడగలేదు. "బడికి సెలవులే కదా?" అన్నారు. "రూతమ్మ గారు కారు బాగుచేసుకుంటున్నారు. ఒక్కరూ అవస్థ పడుతున్నారు. వెళ్ళి ఓ చెయ్యి వెయ్యి నాయనా."

రూతమ్మ గారు సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. అరవై దాటాయి. సన్నగా, పొట్టిగా ఉండేవారు గాని ఆవిడ గొంతు వింటే ఎంత భయపడ్డ రోగికైనా ధైర్యం వచ్చేది. ఆసుపత్రి వదిలి వెళ్ళిపోతూ ఒక డాక్టరు గారు తన పాత అంబాసిడర్ కారుని ఆవిడకి ఇచ్చేశారు. ఒడ్డు పొడుగునా ఉన్న జాలరి పేటల్లో ఏ ఆడమనిషికి కాన్పు కష్టమైనా ఆ కారే పట్నం పెద్దాసుపత్రికి చేర్చాలి. అర్ధరాత్రైతే వేరే దిక్కు లేదు. పన్నెండేళ్ళలో ఆ వెనక సీటు మీదనే కళ్ళు తెరిచిన పిల్లలు ఏడుగురు. వేళ్ళు మడిచి వాళ్ళ పేర్లన్నీ చెప్పేవారు రూతమ్మ గారు.

ఇంజను బాగానే ఉంది. శత్రువల్లా ఉప్పుగాలి. తలుపుల అడుగున రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. ఒక పొక్కు మీద గోరుతో గీస్తే కింద రేకు బదులు ఎర్రటి పొడి రాలింది. బజారులో ఒక టింకరింగు మేస్త్రి చూసి, "దీనికేముందమ్మా, పుట్టీ పెట్టి రంగేసేస్తాను. రెండేళ్ళకి ఢోకా లేదు," అన్నాడు.

"రెండేళ్ళ తర్వాత?" అన్నారు రూతమ్మ గారు.

"అప్పుడు మళ్ళీ పెడతాను," అన్నాడతను.

ఆవిడ కారు తోలుకుని ఇంటికి వచ్చేశారు. వాకిట్లో తాటాకు పందిరి వేయించి, కారుని దాని కిందికి చేర్చి, జాకీతో ఎత్తి, నాలుగు మూలలా పాత రైలు పట్టాల చెక్క దిమ్మలు పెట్టించారు. కొత్త రేకు అతకడం మటుకు గేట్లూ కిటికీ ఊచలూ చేసే కొండలరావు వచ్చి చేసిపెడతానన్నాడు. మిగిలిందంతా తానే చెయ్యాలనుకున్నారు. అటువంటి పని ఆవిడ అంతకు ముందు ఎన్నడూ చెయ్యలేదు.

వైకుంఠరావు వెళ్ళేసరికి ఆవిడ గోనెపట్టా పరుచుకుని కారు కింద పడుకుని ఉన్నారు. చిన్న సుత్తితో రేకు మీద తడుతూ చెవి ఒగ్గి వింటున్నారు.

"ఇలా రండి మేష్టారూ. ఇక్కడ వినండి." టంగుమంది. "ఇప్పుడిక్కడ." మట్టికుండ పగులు మీద కొట్టినట్టు బొంగురుగా మోగింది. "ఇదంతా పోయినట్టే. సుద్దముక్కతో గీత గీయండి."

అలా వారం రోజులు గడిచాయి. వైర్ బ్రష్షుతో తోమడం, గరుకు కాగితంతో రుద్దడం, తుప్పు తిన్న మేర రంపపు బ్లేడుతో కోసెయ్యడం. కళ్ళల్లో పొడి, చంకల్లో చెమట, గోళ్ళ సందుల్లో ఎర్రమట్టిలాంటి మురికి. వైకుంఠరావు చేతులు బొబ్బలెక్కాయి. రూతమ్మ గారు సాయంత్రం వేళ వాటికి మందు రాసి, పొద్దున్న మళ్ళీ బ్రష్షు అందించేవారు. ఎంతవరకు కొయ్యాలని అతను అడిగితే ఆవిడ ఎప్పుడూ ఒకటే చెప్పేవారు: "తెల్లగా మెరిసే ఇనుము కనబడేదాకా. పుండు మీద పౌడరు జల్లి కట్టు కట్టేస్తే రోగి దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు మేష్టారూ. మూడో రోజున జ్వరంతో మోసుకొస్తారు. నేను చూశాను."

తుప్పు ఎందుకు పట్టిందో కూడా ఆవిడే కనిపెట్టారు. తలుపుల కింద పెట్టెలా ఉండే దూలానికి నీళ్ళు కారిపోవడానికి అడుగున చిన్న చిల్లులుంటాయి. అవి ఇసుకతో పూడిపోయి ఉన్నాయి. లోపల చేరిన నీళ్ళు అక్కడే నిలిచి రేకుని లోపలినుంచి తినేశాయి. తలలో పెట్టుకునే పిన్నుతో ఒక్కొక్క చిల్లూ కెలికి తీస్తూ, "పైనుంచి ఎంత తుడిచినా ఏం లాభం, పాపం!" అని కారుని ఓదార్చారు. వైకుంఠరావుకి నవ్వొచ్చింది. ఆ వెంటనే, బడిలో ముప్ఫైమంది పంతుళ్ళ మీద పెత్తనం చేసే తాను ఇంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదే అనిపించింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఏదో పేట నుంచి కబురొస్తే రూతమ్మ గారు ఆటోలో వెళ్ళవలసి వచ్చింది. "వెనక కుడి చక్రం పైన, బరువు మోసే స్ప్రింగు, అదే కమాను కట్ట, తగిలించే చోటు ఒకటి మిగిలింది. అది తోమి, పోయింది ఎంతో గీత గీసి ఉంచండి. రేపు కొండలరావు వస్తాడు," అని చెప్పి వెళ్ళారు.

ఆ చోటు చెయ్యి సరిగ్గా దూరని చోటు. వెల్లకిలా పడుకుని మెడ వంచితే గాని కనబడదు. వైకుంఠరావు గంటసేపు తోమాడు. పెచ్చులు మొహం మీద రాలాయి. స్క్రూడ్రైవరు మొన పెట్టి నొక్కితే కొంచెం లోపలికి దిగింది. ఇంకా నొక్కితే ఎంత దూరం దిగుతుందో చూడాలి. చూస్తే కొయ్యాలి. కోస్తే రేపంతా అదే పని. భుజాలు పడిపోతున్నాయి. పక్కనే పుట్టీ డబ్బా ఉంది, తలుపుల మీది చిన్న చిన్న సొట్టలకి తెచ్చింది. అతను స్క్రూడ్రైవరు బయటికి తీశాడు. పుట్టీ అద్ది, చదును చేసి, బాగున్న చోట్లన్నిటికీ పూసిన రెడ్ ఆక్సైడు రంగే పైన పూశాడు. మిగతా చోట్లకీ దానికీ తేడా తెలియలేదు.

సాయంత్రం రూతమ్మ గారు వచ్చి, "అయిందా మేష్టారూ? ఎంత పోయింది?" అని అడిగారు.

"అక్కడ బాగానే ఉందండి," అన్నాడు.

ఆవిడ అతని మాట నమ్మారు. బొబ్బలెక్కిన చేతులతో వారం రోజులు పనిచేసిన మనిషిని అనుమానించడానికి ఏముంది?

పెట్రోలు ట్యాంకు దింపి, బ్యాటరీ తీసి దూరంగా పెట్టాక కొండలరావు కోసిన చోటల్లా కొత్త రేకు అతికాడు. అతుకుల మీద తుప్పు పట్టకుండా మందు, దాని మీద రంగు. మరో పది రోజులకి కారు తెల్లగా, అప్పుడే పాలల్లోంచి తీసినట్టు పందిరి కింద నిలబడింది. పేటల నుంచి ఆడవాళ్ళు చూడ్డానికొచ్చారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. అందరూ మెచ్చుకుంటుంటే రూతమ్మ గారు వైకుంఠరావు వైపు చూపించి, "అడుగున సగం పని మేష్టారిదే," అన్నారు. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్న దిమ్మలు తీసి కారు రోడ్డు మీద పెట్టారు. ఇంకా తోలి చూడనైనా లేదు, ఒకతను పరుగున వచ్చాడు. "సిస్టరమ్మా! మా నూకాలుకి నొప్పులొచ్చేసినాయి. కవలపిల్లలన్నారు కదా, బేగి రా అమ్మా!"

రూతమ్మ గారు సంచీ అందుకుని స్టీరింగు ముందు కూర్చున్నారు. వైకుంఠరావు కారుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"కదపకండి సిస్టరు గారూ. వెనక చక్రం మీద నేను కొయ్యలేదు. పుట్టీ పెట్టి రంగేశాను. బాగానే ఉందని అబద్ధం చెప్పాను."

వీధిలో ఇరవైమంది ఉన్నారు. వాళ్ళ పిల్లల్లో సగంమంది అతని బడిలోనే చదువుతున్నారు. నూకాలు మొగుడు అతని కేసి చూసిన చూపు అతను బతికున్నంత కాలం మరిచిపోలేదు.

రూతమ్మ గారు ఒక్క ప్రశ్న వేశారు. "ఎంత లోతు పోయిందో చూశారా?"

"చూడలేదండి."

ఆవిడ కారు దిగారు. తిట్టలేదు. వీధి చివర చేపల వ్యాను ఉంది. దాన్ని పిలిపించి, పది బిందెల నీళ్ళతో కడిగించి, పరుపు వేయించి, పావుగంటలో బయల్దేరదీశారు. వ్యాను ఎక్కుతూ వెనక్కి తిరిగి, "దిమ్మలు మళ్ళీ పెట్టించి ఉంచండి మేష్టారూ," అన్నారు.

నూకాలుకి ఇద్దరు మగపిల్లలు పుట్టారు. తల్లీ పిల్లలూ క్షేమం. ఆ కబురుతో మర్నాడు మధ్యాహ్నం రూతమ్మ గారు తిరిగొచ్చేసరికి కారు దిమ్మల మీద ఉంది. వెనక చక్రం ఊడదీసి ఉంది. వైకుంఠరావు పొద్దుటినుంచీ అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆవిడ మొహం కడుక్కుని వచ్చి, రంపపు బ్లేడు అతని చేతికిచ్చి, టార్చిలైటు పట్టుకుని పక్కన పడుకున్నారు.

పుట్టీ ఊడింది. కింద రేకు అప్పడంలా విరిగింది. వేలెడు కోస్తే సరిపోలేదు, జానెడు కోసినా సరిపోలేదు. తుప్పు కమాను కట్ట పట్టుకునే కొక్కెం దాకా పాకింది. నలుగురు కూర్చున్న కారు ఒక్క గోతిలో పడితే ఆ కొక్కెం ఊడిపోయేది. ఇనుము తెల్లబడేదాకా కొయ్యడానికి మూడు గంటలు పట్టింది.

ఆ మూడు గంటల్లో అతను ఆవిడకి గంగులు సంగతి చెప్పాడు. గంగులు వాళ్ళ బడిలో అటెండరు. ఒక సాయంత్రం సైన్సు గదికి తాళం వెయ్యడం మరిచిపోయింది తాను. రెండు మైక్రోస్కోపులు పోయాయి. గంగులే తాళం వెయ్యలేదని రిపోర్టు రాశాడు. అతన్ని పాడేరు అవతల ఏదో బడికి బదిలీ చేశారు. పెళ్ళాం పిల్లలు ఇక్కడ, అతనక్కడ, నాలుగేళ్ళుగా. "పోయినేడు వెళ్ళి కాళ్ళ మీద పడినంత పని చేశాను. పోనివ్వండి సార్ అన్నాడు."

రూతమ్మ గారు టార్చిలైటు కాస్త దగ్గరికి జరిపారు. "అతని సర్వీసు పుస్తకంలో ఆ రాత ఇంకా ఉందా?"

"ఉందండి."

"ఆ మూల ఇంకొంచెం ఉండిపోయింది చూడండి. ఎర్రగా," అన్నారావిడ.

కొండలరావు మళ్ళీ వచ్చి అక్కడ రేకూ కొక్కెమూ అతికాక కూడా రూతమ్మ గారు ఊరుకోలేదు. సుత్తి తీసుకుని, కొత్త రంగు పెచ్చులూడుతున్నా లెక్కచెయ్యక, కారు అడుగంతా మొదటినుంచి చివరిదాకా మళ్ళీ తట్టి విన్నారు. తాను చేసిన చోట్లు కూడా. వైకుంఠరావు చేసిన చోట్ల కంటే తాను చేసిన చోట్లే ఎక్కువ సేపు విన్నారు. అలాంటి మనిషిని మోసం చేశానే అని అతనికి సిగ్గేసింది. అలాంటి మనిషి దగ్గర పనిచేశానని గర్వంగా కూడా అనిపించింది.

బడి తెరిచిన రోజునే వైకుంఠరావు పై అధికారులకి ఉత్తరం రాశాడు. తాళం వెయ్యనిది తానేనని, రిపోర్టు అబద్ధమని, గంగులు పేరు మీద ఉన్న రాత కొట్టెయ్యమని. సంజాయిషీ అడిగారు, ఇచ్చాడు. ఆ ఏడు రావలసిన ప్రమోషను రాలేదు. స్టాఫు రూములో అతను అడుగుపెడితే కొన్నాళ్ళు మాటలు ఆగిపోయేవి. దసరాల ముందు గంగులు రేకు పెట్టెతో భీమిలిలో బస్సు దిగాడు. అతని సర్వీసు పుస్తకంలో ఆ పేజీ మీద అడ్డంగా ఎర్రసిరా గీత, కింద అధికారి సంతకం ఉన్నాయి.

అప్పటిగ్గాని వైకుంఠరావు గురువుగారి అరుగు ఎక్కలేదు. ఎక్కి, జరిగిందంతా దాపరికం లేకుండా చెప్పాడు. వింటున్నంతసేపూ సన్యాసయ్య గారు కళ్ళు మూసుకునే ఉన్నారు.

"కారు తిరుగుతోందా?" అని అడిగారు చివరికి.

"తిరుగుతోందండి. మొన్న వానలో కూడా, రోడ్డంతా గోతులైనా, ఒకావిణ్ణి పట్నం తీసుకెళ్ళారు. ఆడపిల్ల."

"కింద మీరిద్దరూ కోసి అతికించిన సంగతి ఆ తల్లికి తెలుసా?"

"తెలీదండి. ఎవరూ చెప్పలేదు. చెప్పమంటారా?"

"ఎందుకు నాయనా?" అన్నారు సన్యాసయ్య గారు. "అతుకు మోసింది కదా."