సింగోజి వాకిట వెలసిన కొండపిండి గౌరి

నిమ్మళముగా కూర్చుండి వినుడు. ఈ కథ ఉలి పట్టిన మన వంశమున పుట్టినది. పొరుగూరినుండి అరువు తెచ్చినది కాదు.

పూర్వము వేణుగర్భ ముని తృణపాణి మహర్షికి మ్రొక్కి, మూత్రబంధమున అలమటించు నరులకు తరణోపాయమేదని అడిగెను. అందుకు మహర్షి కొండపిండి గౌరి నోమును ఇట్లు చెప్పెను.

మల్లెగిరి పట్టణమున సింగోజి అను శిల్పి కలడు. ఎంతటి బండయైనను అతని ఉలికి లొంగెడిది. అతని భార్య అచ్చాంబ యేటేట వాకిట మొలచిన కొండపిండిని గౌరిగా పూజించి, లేత ఆకును పెసరపప్పుతో వండి, ముందు ఇరుగుపొరుగులకు పంచి, పిమ్మట ఇంటివారికి వడ్డించెడిది. ఒక యేడు రాజు తమ ఇంటికి వచ్చునని విని, పిచ్చిమొక్కలున్న వాకిలి తనకు తలవంపని సింగోజి వాటిని పీకించి నున్నని బండలు పరపించెను. రాజు మెచ్చెను. నోము మూలబడెను.

ఆ వేసవిలో ఎండనక, దాహమనక గుడి ద్వారము చెక్కుచుండగా సింగోజికి మూత్రమున రాయి కట్టెను. కొండను చీల్చినవాడు కందిగింజంత రాతికి నేలబడి పొర్లెను. ద్వారము సగమున నిలిచెను. ఆ పని ఇక పరాయి శిల్పులదేనని ఊరివారు చెప్పుకొనిరి. ఆ మాట అచ్చాంబ చెవిని పడెను.

ఆమె పొలముగట్టున కొండపిండి కోసి తెచ్చి, కొంచెమే యున్నదని తలుపు మూసి వండి, భర్త కొక్కనికే పెట్టెను. బాధ తగ్గలేదు. మరునాడు వేరు కషాయము కాచి అటులనే చాటుగా త్రాగించెను. బాధ ఇనుమడించెను. అంతట గౌరి ఆకుకూరలమ్ము అవ్వయై వచ్చి, "ఓసి పిచ్చితల్లీ, కూర గుప్పెడైనా నలుగురి నోట పడాలి. గౌరిని వాకిట్లోంచి వెళ్ళగొట్టి, తలుపేసుకుని తింటే గుణమెట్లా ఇస్తుందే?" అనెను.

అచ్చాంబ ఆ మాట భర్తకు చెప్పెను. సింగోజి సిగ్గుపడి, లేవలేక లేచి, తాను నునుపు చేసిన బండలను తానే గునపముతో పెకలించెను. తొలకరికి అచట కొండపిండి గుబురుగా లేచెను. అచ్చాంబ తలుపులు బార్లా తెరచి నోము నోచి, పొరుగువారికి వాయనమిచ్చి, మిగిలిన పప్పును కషాయమును భర్త కొసగెను. కొన్నాళ్లకు రాయి పడిపోయెను.

సింగోజి ద్వారము ముగించి, దానిపై తామరలకు మారుగా కొండపిండి రెమ్మలు చెక్కెను. గుడికి ఈ కలుపేలయని రాజు అడుగగా, అచ్చాంబ తలయెత్తి, "మహారాజా, కొండను గెలిచినవాడు మా ఆయన. మా ఆయనను గెలిపించినది ఇది" అనెను. రాజు ఆ రెమ్మలకు మ్రొక్కెను.

కావున ఎండలో రాళ్లు కొట్టువారు, మగ్గము విడువక కూర్చుండువారు, దూరప్రయాణము చేయు స్త్రీలు, మూత్రవ్యాధి గలవారు ఈ నోము నోచవలెను. నీరు దండిగా త్రాగవలెను, వైద్యుని మాట మీరరాదు. నోచినవారికి దేహసుఖమును, చేతిపనికి పేరును కలుగును. కథ చెప్పుటలో మాట తప్పినను దోషము లేదు. కూర పంచుటలో చేయి తప్పరాదు. ఇక లేచి, గిన్నె పట్టుకొని పొరుగింటి తలుపు తట్టుడు.