నూనెచుక్క ఎటు పాకినా

ఏ రాజ్యమో ఎందుకులే గాని, అక్కడి ఆస్థాన వైద్యుడు వేదాద్రిశాస్త్రి రోగి మూత్రంలో నూనెచుక్క వేసి, అది ఎటు పాకుతుందో చూడందే ఎవరికీ మందిచ్చేవాడు కాదు.

ఇంటిదగ్గర మొగుడు దగ్గలేక చస్తుంటే, కుమ్మరి చెంగమ్మ పొద్దుటినుంచీ చెంబు పట్టుకుని తిరుగుతోంది. గాలికి చుక్క చెదిరిందంటూ శాస్త్రి మళ్లీ మళ్లీ తెమ్మంటున్నాడు. ఆమెకి ఒళ్లు మండింది.

"అయ్యగారూ, చుక్క తూర్పుకి పాకితే ఏం మందిస్తారు?"

"శొంఠి కషాయం."

"పడమరకి పాకితే?"

"శొంఠి కషాయమే."

"అసలు కదలకపోతే?"

"దగ్గుకి ఇంకేం ఇస్తారే? శొంఠి కషాయమే!"

చెంగమ్మ చెంబు ఆయన ముందు పెట్టి, పక్కనున్న కషాయం ముంత అందుకుంది.

"అయితే ఇది నేను పట్టుకుపోతాను. చుక్క ఎటు పాకిందో మీరు తీరిగ్గా చూసుకోండి. నాకు చెప్పక్కర్లేదు."