రాజుగారు పట్టని బ్రేకు

ఇంతకుముందు ఒక్క కథా రాసి ఎరగను, తోచినట్టు చెబుతాను.

మబ్బులు వీధుల్లో తిరిగే కొండరాజ్యంలో పైడితల్లి సైకిళ్లు బాగుచేసేది. ఒకరోజు రాజుగారు సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. చక్రం పక్కనున్న బ్రేకు డిస్కు వంగి, సుయ్యిసుయ్యిమని బ్రేకుకి రాసుకుంటోంది.

"కొండ దిగేటప్పుడు నేను బ్రేకే పట్టను. నువ్వే వంకరది బిగించావు! నీ కొట్టు పీకించేస్తాను."

బ్రేకు వదలకుండా పడితేనే డిస్కు కాలి వంగుతుందని పైడితల్లికి తెలుసు. రాజుతో ఆ మాట అనేదెలా?

"తప్పయిపోయింది దొరా! తమరు పట్టని బ్రేకు తమకెందుకు? ఊడదీసేస్తాను, కోటదాకా హాయిగా దిగిపోండి," అని పానా అందుకుంది.

రాజుగారు మబ్బుల్లోకి జారిపోయే దారివంక చూశారు.

"ఆగవే తల్లీ, తీయకు! సాపు చెయ్యి చాలు. నీ కొట్టు జోలికి రానులే."

మర్నాడు పొద్దున్నే పైడితల్లి లేత ఎండకెదురుగా చక్రం తిప్పుతూ, డిస్కుకీ బ్రేకుకీ నడుమ సన్నటి వెలుగు గీత కనబడేదాకా, కొంచెం కొంచెంగా దాని వంపు తీస్తూ కూర్చుంది.